మా ఊరి రామాలయానికి లైన్ ఎరే కట్టిన వైనం

లైన్ ఎరే అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేవి పెద్ద సభల్లో స్టేజీకి అటూ ఇటూ వేలాడే నల్లటి పెట్టెల వరుసలు. ఆ తర్వాత నిమజ్జనం లారీలు. అందుకే మా ఊరి రామాలయానికి లైన్ ఎరే కడతానని అన్నప్పుడు కమిటీలో కుర్రాళ్లకు హుషారు వచ్చింది, పెద్దవాళ్లకు గుండెల్లో రాయి పడింది. ఇద్దరికీ ఒకటే చెప్పాను: సౌండు పెంచడం దీని పని కాదు, పోకూడని చోటికి సౌండు పోకుండా ఆపడం దీని పని. ఎవరూ నమ్మలేదు.

ఊరు తెనాలి దగ్గర. పాత పెంకుల మందిరం తీసేసి ఆర్‌సీసీ స్లాబుతో కొత్త హాలు కట్టారు. పొడవు 40 అడుగులు, వెడల్పు 24, ఎత్తు 14. కింద గ్రానైటు, గోడలకు నున్నగా లప్పం పట్టించి పెయింటు. పాత మందిరంలో మైకు లేకుండానే హరికథ చివరి వరుసకు వినబడేదని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు. కొత్తదాంట్లో మైకు పెట్టినా పంతులుగారి మాట మూడో వరుస దాటేసరికి ముద్దయిపోతుంది. దానికి అప్పటిదాకా చేసిన వైద్యమల్లా వాల్యూమ్ పెంచడమే. 15 అంగుళాల పెట్టెలు రెండు పెట్టారు, పెంచేకొద్దీ గోల పెరిగిందే తప్ప మాట తేలలేదు. పైగా కొంచెం పెంచితే చాలు మైకు కుయ్యిమంటుంది.

ఉద్యోగం హైదరాబాద్‌లో, ఖాళీ దొరికితే చేతిలో సోల్డరింగ్ ఐరన్. పండక్కి వెళ్లినప్పుడల్లా ఈ గోల విని విని, ఒకసారి లాప్‌టాప్, కొలతల మైకు వెంట తీసుకెళ్లాను. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు హాల్లో పెద్ద బెలూన్ ఊది పగలగొట్టి, ఆ చప్పుడు చచ్చిపోవడానికి ఎంతసేపు పడుతుందో చూశాను. మాట ఉండే ఫ్రీక్వెన్సీల్లో 2.6 సెకన్లు వచ్చింది. మాట అర్థం కావాలంటే ఇంత సైజు హాల్లో అది సెకనుకు అటూ ఇటూ ఉండాలి. పంతులుగారు ఒక అక్షరం పలికితే అది చచ్చేలోగా పది అక్షరాలు వచ్చి దాని మీద పడుతున్నాయన్నమాట.

ఈ లెక్కకు ఆద్యుడు వాలెస్ సబీన్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో మాట వినబడటం లేదని ఆయనకు అప్పగిస్తే, పక్క థియేటర్‌లోని కుర్చీల దిండ్లు రాత్రిపూట మోసుకొచ్చి పరుస్తూ, ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. చివరికి తేలిన సూత్రం చాలా చిన్నది: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చుకునే వైశాల్యంతో భాగిస్తే ప్రతిధ్వని ఎన్ని సెకన్లో వచ్చేస్తుంది. మా హాలు 380 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉంటే పీల్చుకునేది మొత్తం కలిపి 24 చదరపు మీటర్లు కూడా లేదు, అందులోనూ సగం వాటా తెరిచి ఉన్న తలుపులూ కిటికీలదే. వంద మంది వచ్చి కూర్చుంటే ప్రతిధ్వని దానంతటదే సెకను దగ్గరికి దిగుతుంది, మన ఒళ్లూ బట్టలూ అంత పని చేస్తాయి. శ్రీరామనవమి రోజు ఫర్వాలేదనిపించి, మామూలు శనివారం భజనకు నరకంగా ఉండటానికి కారణం అదే.

సీలింగ్‌కు శబ్దం పీల్చే పలకలు కొట్టిద్దామన్నాను. ధర చెప్పగానే ఆ సంగతి ముగిసింది. గోడలకు పెడదామంటే, "దేవుడి పటాలు తీసేసి స్పాంజి ముక్కలు అంటిస్తావా అబ్బాయ్?" అన్నారు మా ప్రెసిడెంటు బాబాయ్. నిజమే, బాగుండదు. హాలును మార్చలేనప్పుడు మిగిలిన దారి ఒక్కటే: శబ్దాన్ని జనం మీదికే పంపి, స్లాబుకు తగలనివ్వకపోవడం.

అది నిలువు వరుస చేసే పని. ఒకే రకం స్పీకర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిటికీ ఒకే సిగ్నల్ ఇస్తే, ఎదురుగా ఉన్నవాడికి అన్నిటి శబ్దమూ ఒకేసారి చేరి కలిసిపోతుంది. పైన స్లాబు దగ్గరికి వెళ్లేది మాత్రం ఒక్కో స్పీకరు నుంచి ఒక్కో దూరం ప్రయాణించి, ముందూ వెనకా అయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అడ్డంగా మాత్రం ఒక్క స్పీకరులాగే వెడల్పుగా పరుచుకుంటుంది. భజన మందిరానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇదేమీ కొత్త విద్య కాదు. 1951లోనే లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఇలాంటి పొడవాటి కాలమ్ స్పీకర్లు పెట్టి, పది సెకన్లకు పైగా మోగే ఆ గుమ్మటం కింద ప్రసంగాలు వినిపించారు. సభల్లో వేలాడదీసే ఇప్పటి రకానికి పునాది 1992లో క్రిస్టియన్ హీల్, మార్సెల్ అర్బన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు సమర్పించిన పత్రం. నాకు పనికొచ్చింది మాత్రం ఆ పాత కాలమ్ పద్ధతే.

డిజైన్ అంతా రెండు పొడవుల మధ్య బేరం. వరుస ఎంత పొడవుంటే అంత కింది ఫ్రీక్వెన్సీ దాకా అదుపు దొరుకుతుంది. స్పీకర్లు ఎంత దగ్గరగా ఉంటే అంత పై ఫ్రీక్వెన్సీ దాకా వరుస బుద్ధిగా ఉంటుంది. నేను తీసుకున్నవి 3 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు, అంటే పెట్టె లేని వట్టి స్పీకర్లు, ఒక్కోటి 8 ఓమ్‌లు. మధ్య నుంచి మధ్యకు 82 మి.మీ. దూరంలో 16 పేర్చితే 1.31 మీటర్లు. శబ్దపు తరంగం అంత పొడవుండేది 260 హెర్ట్జ్ దగ్గర, అక్కడి నుంచి పైకి కాలమ్ పట్టు మొదలవుతుంది. రెండో కొసన, తరంగం 82 మి.మీ.కి కుంచించుకుపోయేది సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గర. అది దాటితే పైకీ కిందికీ దొంగ కిరణాలు పుడతాయి, అంటే శబ్దం పోకూడని వైపు చీలిపోతుంది. మాటకు ప్రాణం 500 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది కాబట్టి ఈ బేరం నాకు గిట్టింది. ఇంట్లో సంగీతం వినడానికైతే ఇదే డిజైన్ నేను కట్టుకోను. పక్కన చిన్న ట్వీటర్ల (పై స్వరాల స్పీకర్ల) వరుస ఇంకొకటి ఉండాల్సిందే.

ఇంకో తిరకాసు ఉంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కాలమ్ కిరణం సన్నబడిపోతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర 18 డిగ్రీలుంటే 4,000 దగ్గరికి అది నాలుగో వంతు అవుతుంది. కూర్చున్నవాడికి ఒక రకంగా, హారతికి లేచి నిలబడ్డవాడికి ఇంకో రకంగా వినబడుతుంది. దీనికి విరుగుడు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వరుసను పొట్టి చేయడం. మధ్యలో 8 డ్రైవర్లకు సిగ్నల్ మొత్తం ఇచ్చి, పైన నాలుగు, కింద నాలుగుకు మాత్రం పై ఫ్రీక్వెన్సీలను ఆపే ఒక కాయిల్ (రాగి తీగ చుట్ట) అడ్డం పెట్టాలి. నాలుగేసి డ్రైవర్లు సిరీస్‌లో కలిపితే 32 ఓమ్‌లు, అలాంటివి రెండు పారలల్‌లో కలిపితే 16. మధ్య గుంపు 16, చివరల గుంపు 16, రెండూ కలిపితే యాంప్లిఫయర్‌కు కనిపించేది 8. చివరల గుంపుకు 1.8 మిల్లీహెన్రీ కాయిల్ పెడితే 1,400 హెర్ట్జ్ నుంచి అవి మెల్లగా తప్పుకుంటాయి. నాకు మొత్తం పనిలో బాగా నచ్చిన ముక్క ఇదే. ఒక్క రాగి చుట్టతో ఖరీదైన ప్రాసెసర్ చేసే పని సగం అయిపోతుంది.

ఆ కాయిల్ రెడీమేడ్‌గా దొరకలేదు. తెనాలిలో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపుకు వెళ్లాను. అంగుళం పీవీసీ పైపు ముక్క, దానికి రెండు వైపులా ప్లైవుడ్ బిళ్లలు, మధ్య అంగుళం సందు. ఇవి చేతిలో పెడితే మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ మోటారుదండీ ఇది?" అన్నాడు. మోటారు కాదు, గుడి స్పీకరుకని చెప్పి, 18 గేజి తీగతో 220 చుట్లు కావాలన్నాను. "మధ్యలో స్టాంపింగ్ పెట్టిస్తానండీ, పావు వంతు తీగతో అయిపోతుంది" అన్నాడు. ఆయన చెప్పింది సబబే, ఇనుప రేకులు పెడితే రాగి బోలెడు మిగులుతుంది. కానీ శబ్దం పెరిగినప్పుడు ఇనుము అయస్కాంతశక్తితో నిండిపోయి సిగ్నల్‌ను వంకర చేస్తుంది, గాలి చుట్టకు ఆ బాధ లేదు. అది చెప్తే తలూపి, మోటారుకు చుట్టినట్టే వరస మీద వరస ఎక్కడా పొర్లకుండా చుట్టి ఇచ్చాడు. రెండు కాలమ్‌లకు రెండు కాయిల్స్, మీటరు పెట్టి చూస్తే రెండూ 1.8కి పక్కపక్కనే ఉన్నాయి, రెసిస్టెన్సు అర ఓము. రాగి తూకం వేసి దాని డబ్బులే తీసుకున్నాడు. కూలి రాముడి ఖాతాలో రాసుకోమన్నాడు.

డ్రైవర్లు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. 32 కావాలి, పోయేవాటికి ఇంకో నాలుగు. ఇలాంటి పనికి ఒకే లాట్‌లోవి తీసుకోవడం ముఖ్యం, తర్వాత వెతికితే అదే మోడల్ పేరుతో వేరే సరుకు వస్తుంది. ఇంటికొచ్చి ప్రతిదాన్నీ కొలిచాను. రెజొనెన్స్, అంటే కోను దానంతటదే ఊగే ఫ్రీక్వెన్సీ, 112 హెర్ట్జ్ నుంచి 131 దాకా ఉంది, చిన్న డ్రైవర్లలో ఆ మాత్రం తేడా మామూలే. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని నాలుగేసి గుంపులుగా కట్టి, రెండు కాలమ్‌లకూ సమానంగా పంచాను. అప్పుడే ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలించి ప్రతి కోనూ బయటికి దూకుతోందా లోపలికా అని చూశాను. ఒకదానికి ఫ్యాక్టరీలోనే ఎర్ర చుక్క తప్పు టెర్మినల్‌కు పెట్టారు. అలా ఒకటి ఉల్టా వెళ్తే శబ్దం తగ్గేది డెసిబెల్ పైచిలుకే, చెవికి తెలియను కూడా తెలియదు. కానీ కిరణం ఆకారం చెడిపోతుంది, కాలమ్ కట్టిన ప్రయోజనమే పోతుంది. పెట్టెలో బిగించాక దాన్ని పట్టుకోవడం కష్టం.

పెట్టెలకు బాధపడ్డది ముందు పలక దగ్గరే. 72 మి.మీ. రంధ్రాలు 16, వాటి మధ్య మిగిలే చెక్క 10 మి.మీ. మా ఆచారిగారు హోల్‌సాతో ఒక ముక్క మీద ప్రయత్నించి, "ఇది విరుగుద్ది బాబూ, నా వల్ల కాదు" అని నిజాయితీగా చెప్పేశారు. పూజగది తలుపులకు డిజైన్లు కోసే సీఎన్‌సీ షాపులు ఇప్పుడు ప్రతి టౌన్‌లోనూ ఉన్నాయి. అక్కడికి 18 మి.మీ. ప్లైవుడ్, కంప్యూటర్‌లో గీసిన బొమ్మ తీసుకెళ్లాను. కుర్రాడు స్క్రీన్ చూసి, "ఏంది సార్, ఇడ్లీ ప్లేటా?" అన్నాడు. అరగంటలో రెండు పలకలూ కోసేశాడు. ఓం, స్వస్తిక్, కలశం ఫైళ్ల పక్కన ఇది కూడా దాచుకున్నాడు, ఎవరైనా అడుగుతారేమోనని.

పలక వెనక వైపు ప్రతి రంధ్రం అంచునూ ఏటవాలుగా చెక్కించాను. ఇది చాలామంది వదిలేసే పని. 18 మి.మీ. మందంలో చిన్న డ్రైవరు కూర్చుంటే దాని వీపు గొట్టంలో ఇరుక్కున్నట్టే, గాలి ఆడదు. మిగతా పెట్టె ఆచారిగారు 12 మి.మీ. ప్లైవుడ్‌తో చేశారు. లోపల 90 మి.మీ. వెడల్పు, 120 లోతు, డ్రైవరుకు లీటరు కన్నా కాస్త తక్కువ గాలి. నాలుగేసి డ్రైవర్లకు ఒక అరగా అడ్డు చెక్కలు పెట్టించాను, లేకపోతే 1.33 మీటర్ల పొడవునా గాలి 130 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. లోపల నింపడానికి ఆచారిగారు బూరుగు దూది తెస్తానన్నారు. అది కొన్నాళ్లకు అణిగి కిందికి దిగిపోతుంది, పురుగు పడుతుంది. పరుపుల షాపులో దిండ్లకు వాడే పాలిస్టర్ ఫైబర్ తెచ్చాం. ముందు వైపు చిల్లుల ఇనుప రేకుకు పౌడర్ కోటింగ్. గుడి కాబట్టి కొబ్బరి, ప్రసాదం, వాటి కోసం ఎలకలు. వైరు వెళ్లే చోట పెట్టెకు వేలు దూరేంత సందు కూడా వదలలేదు.

కాలమ్‌ల అడుగు నేల నుంచి 3 అడుగుల ఎత్తులో ఉండేలా స్తంభాలకు బిగించాం. మధ్య భాగం అయిదుంబావు అడుగుల దగ్గరికి వస్తుంది. కింద కూర్చున్నవాళ్ల చెవి రెండున్నర అడుగుల పైన ఉంటుంది కాబట్టి, కిరణం వెనక వరుస మీద పడేలా నాలుగున్నర డిగ్రీలు ముందుకు వంచాం. ముందు వరుసవాళ్లు దగ్గరగా ఉన్నా కిరణం కింద పడతారు, అందుకని వాళ్లకు చెవులు పగలవు. లైన్ ఎరేకు దూరం రెట్టింపయినా 3 డెసిబెల్సే తగ్గుతుంది, మామూలు పెట్టెకైతే 6 తగ్గుతుంది అని అందరూ చెప్తుంటారు. నాలుగున్నర అడుగుల కాలమ్‌కు అది రెండు మూడు మీటర్ల దాకానే నిజం. ముందుకూ వెనకకూ తేడా తగ్గించేది అసలు ఈ వంపే.

తర్వాత ప్రాసెసర్‌తో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎటు ఎంత వెళ్లాలో చూసే పెట్టెతో, సర్దడం. 160 హెర్ట్జ్ కింద కాలమ్‌లకు ఏమీ పంపలేదు, చిన్న కోన్లు దానికి ఆగవు. డోలక్ అడుగు శబ్దం కోసం పాత 15 అంగుళాల పెట్టెల్లో ఒకటి మూలన ఉంచి అంతవరకే అప్పజెప్పాను. పైన 5,000 హెర్ట్జ్ నుంచి కొంచెం ఎత్తాల్సి వచ్చింది, ఇలాంటి వరుసల్లో పై స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. మైకును కాలమ్‌ల కన్నా అయిదడుగులు వెనక్కి జరిపించాం. కుయ్యిమనే గోల దాదాపు పోయింది.

మాట తేటతనానికి ఒక కొలత ఉంది: మొదటి 50 మిల్లీసెకన్లలో చెవికి చేరిన శబ్దం, ఆ తర్వాత చేరినదానికంటే ఎంత ఎక్కువ అని చూస్తారు. వెనక వరుసలో పాత పెట్టెలకు మైనస్ 4 డెసిబెల్స్ ఉండేది, కాలమ్‌లకు ప్లస్ 1 వచ్చింది. ఖాళీ హాలుకు అది మంచి అంకె. కానీ ఈ అంకె చూపిస్తే కమిటీ ఒప్పుకోదు. అందుకని హైస్కూలు పిల్లల్ని పిలిచి వెనక వరుసలో కాగితాలిచ్చి కూర్చోబెట్టాం. పంతులుగారు మైకులో కోట, తోట, మోట, పూట, పీట, పాలు, చాలు, కాలు అంటూ ఓ పట్టీ మామూలుగా చదివారు, పిల్లలు విన్నది రాశారు. ముందు పాత పెట్టెల మీద, తర్వాత వరస మార్చి కాలమ్‌ల మీద. పాతవాటితో కోట తోటయింది, చాలు కాలయింది, సగం కాగితాలు తప్పులే. కాలమ్‌లతో ఒకటీ రెండూ తప్ప అన్నీ సరిగ్గా రాశారు. ప్రెసిడెంటు బాబాయ్ ఆ కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ తనే దిద్దారు, రిటైరైన హెడ్మాస్టరు మరి.

కుర్రాళ్లకు మాత్రం నిరాశే. "ఛాతీలో దడ రాలేదేంటన్నా?" అన్నాడొకడు. రాదు, దానికి కట్టలేదు. వీధిలోవాళ్లకు ఇంకో లాభం కలిసొచ్చింది, వాల్యూమ్ తగ్గడంతో పక్కిళ్లకు ధనుర్మాసం పొద్దుటి పూజ ఇదివరకంత గట్టిగా వినబడదు. శనివారం అర్చనలో గోత్రనామాలు చదువుతుంటే వెనక కూర్చున్నావిడ లేచి, "మా అబ్బాయి పేరు తప్పు చదివారండీ" అంది. అన్నేళ్లలో ఆ పేరు ఆవిడకు వినబడటం అదే మొదలట.

ఖర్చు, రెండు కాలమ్‌లకూ కలిపి 35 వేల లోపే అయింది, ప్రాసెసరూ యాంప్లిఫయరూ వేరు. అందులో సగం దాకా డ్రైవర్లకే. ప్రాసెసర్ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పంతులుగారికి ఇచ్చాం. బయట ఉన్నది వాల్యూమ్ నాబ్ ఒక్కటే. నవమికి వచ్చే మైకుసెట్టు కుర్రాళ్లు ఈక్వలైజర్ కనబడితే బేస్ మొత్తం ఎత్తకుండా ఉండలేరు.

పక్క ఊరి చర్చివాళ్లు వచ్చి చూసి వెళ్లారు. వాళ్ల పైకప్పు 22 అడుగులు, జనం బెంచీల మీద కూర్చుంటారు, పొడవు మా హాలుకు ఒకటిన్నర రెట్లు. అక్కడికి 16 సరిపోవు, 24 కావాలి. ఆరేసి సిరీస్‌లో కలిపి నాలుగు వరసలు పారలల్ చేస్తే 12 ఓమ్‌లొస్తుంది, పర్వాలేదు. మధ్యలో 8, వాటికి అటూ ఇటూ నాలుగేసి, చివరల్లో నాలుగేసి అని మూడు అంచెలుగా పెడితే ఇంకా బాగుంటుంది గానీ అప్పుడు సిరీస్ గుంపులు మళ్లీ నాలుగేసి చేయాలి, ఓమ్‌లు 5.3కి దిగుతాయి, కాయిల్స్ రెండు రకాలవుతాయి. వాళ్ల యాంప్లిఫయర్ 4 ఓమ్‌లకు తట్టుకుంటుందని వెనక రాసి ఉంది కాబట్టి మూడు అంచెల వైపే మొగ్గుతున్నాను. వైండింగ్ మేస్త్రికి ఫోన్ చేస్తే, పైపు ముక్కలు ఈసారి తనే కోసి ఉంచుతానన్నాడు.